శశికళకు బహిరంగ క్షమాపణ

ఇక మీదట కె.ఆర్.పురంలో ఎవరి ముఖాన్నయినా వారి అనుమతి లేకుండా ఫొటో తీయడం సంస్కారం కాదని ఆదినారాయణప్పగారు మైకులో ప్రకటించారు. ఆయన మాజీ కార్పొరేటర్. ఎన్నికలు ఎప్పుడు పెట్టినా కాబోయే కార్పొరేటర్ కూడా ఆయనే. మెట్రోలో కునుకు తీసేవాళ్లను, బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్లను, స్కూటీ మీంచి పడ్డవాళ్లను చూడగానే ముందుగా ఫోన్ బయటికి తీసే అలవాటును ఆయన నలభై నిమిషాలపాటు తీవ్రంగా ఖండించారు. ఉద్యమానికి కన్నడంలో ‘నన్న ముఖ, నన్న హక్కు’, అంటే ‘నా ముఖం, నా హక్కు’ అని పేరు పెట్టారు. ఆయన ఖండిస్తున్నంతసేపూ ఆయన మీడియా ఇన్‌ఛార్జి చేతన్ జనాన్ని ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

శశికళ ఆ సభకు వచ్చిన మనిషి కాదు. సభను రోడ్డుకు అడ్డంగా పెట్టారు కాబట్టి, బస్టాపుకు పోయే దారిలేక ఆగింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో ఆమెకు పని. రెండేళ్ల కిందట మదనపల్లె నుంచి ఒక సంచితో, సరిగా చాపడానికి రాని ఎడమ చేతితో ఈ ఊరు చేరింది. ఆ చెయ్యి విరిచినవాడు మొగుడు మోహన్‌కుమార్. తాను ఎక్కడుందో అతనికి తెలియకపోతే చాలు, ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. వాట్సాప్‌లో కూడా తన ముఖానికి బదులు చామంతి పువ్వు పెట్టుకుంది.

మూడో రోజుకు ఆమె ముఖం నలభై ఫ్లెక్సీల మీదికి ఎక్కింది. నగరంలో ఫ్లెక్సీలపై నిషేధం ఉంది కాబట్టి ఆదినారాయణప్పగారు తనను తాను నిగ్రహించుకుని నలభైతో ఆపారు. ఎడమవైపు చేతులు జోడించిన ఆయన, కుడివైపు ఎటో చూస్తున్న శశికళ, ఇద్దరి కిందా ‘నన్న ముఖ, నన్న హక్కు’.

ఆమె క్యాంటీన్‌కు సెలవు చెప్పి నేరుగా ఆయన ఆఫీసుకు పోయింది.

“అది నా ఫొటో అన్నా. తీసేయండి.”

చేతన్ ఆమెనూ, గోడ మీది ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశాడు. “అక్కా, సూపర్ నేచురల్‌గా వచ్చినారు మీరు. అడిగి తీసుంటే ఈ ఫీల్ రాదు. అడిగితే జనం వెంటనే జుట్టు సర్దుకుంటారు.”

“అడక్కుండా తీయకూడదని కదన్నా దాని కింద రాసింది?”

“అదే మెసేజ్ అక్కా. మీ ముఖంలో ఆ మెసేజ్ బాగా కనిపిస్తా ఉంది.”

లోపలి గదిలోంచి ఆదినారాయణప్పగారు వచ్చారు. ఫిర్యాదుల విభాగం తెరిచి మూడు రోజులైనా ఒక్క ఫిర్యాదూ రాలేదని ఆయన దిగులుగా ఉన్నారు. విషయం వినగానే ముఖం వెలిగింది.

“మొదటి కంప్లయింటు. చేతన్, ఆయమ్మకు కాఫీ చెప్పు.”

కాఫీతోపాటు ఫారం కూడా వచ్చింది. పేరు, భర్త పేరు, సొంత ఊరు, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. శశికళ భర్త పేరు రాయకుండా వదిలేస్తే, ఖాళీలున్న ఫారాన్ని కంప్యూటర్ ఒప్పుకోదని చేతన్ చెప్పాడు. ఫొటో పోతే చాలనుకుని రాసిచ్చింది. ఫొటోలు మాత్రం లేవంది. పర్వాలేదని, ఆమె కాఫీ తాగుతుండగా అతనే రెండు తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా చర్య తీసుకున్నారు. నలభై ఫ్లెక్సీల మీదా శశికళ కళ్లకు అడ్డంగా నల్ల పట్టీ అంటించారు. అంత చురుకైన నాయకుడు ఈ చుట్టుపక్కల లేడు. మరునాడు బస్సులో పక్క సీటు ఆవిడ హ్యాండ్‌బ్యాగును ఒడిలోకి లాక్కుంది. క్యాంటీన్ సూపర్‌వైజరు అంబిక ఆమెను పక్కకు పిలిచి, “ఏం కేసమ్మా నీ మీద? స్టోర్ రూమ్ తాళాలు ఇచ్చేయ్” అంది.

శశికళ మళ్లీ ఆఫీసుకు పోయింది. “కళ్లొకటే కాదు సార్, మొత్తం తీసేయండి. మా ఇంటాయన చూస్తే ఇంక నన్ను బతకనీడు.”

ఫోన్ చూసుకుంటున్న ఆదినారాయణప్పగారికి ‘మా ఇంటాయన’ వరకు మాత్రమే వినిపించింది. అదే ఆయనను కదిలించింది. “చూస్తివా చేతన్, ఒక ఇల్లాలి ముఖానికి పట్టీ వేసినాము. తప్పయిపోయింది. దీనికి పబ్లిక్‌గా సారీ చెప్పాల్సిందే.”

“సారీ వద్దు సార్. ఫొటో తీసేస్తే చాలు.”

“అదీ సంస్కారం. వద్దనేవాళ్లకే చెప్పాల.”

ఫ్లెక్సీలు నిజంగానే దించారు. దించాక ఆయన ఫేస్‌బుక్ పేజీలో క్షమాపణ పెట్టారు. ‘మదనపల్లె మోహన్‌కుమార్‌గారి ధర్మపత్ని శ్రీమతి శశికళగారి ఫొటోను అనుమతి లేకుండా వాడినందుకు సిగ్గుపడుతున్నాను’ అని మొదలుపెట్టి, కె.ఆర్.పురం స్టేషన్ వెనుక పిల్లమ్మ ఇంటి మేడ మీది గదిలో ఆమె ఉంటారని, ఎవరైనా వెళ్లి ఓదార్చవచ్చని, వెళ్లలేనివారు ఫోన్ చేయవచ్చని నంబరు ఇచ్చారు. ఇకపై వాడబోని ఫొటో ఏదో ప్రజలకు తెలియాలి కదా, పట్టీ లేకుండా ఆ ఫొటో కూడా పెట్టారు. ఒక్క పూటలో పదకొండు వేల మంది షేర్ చేశారు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి చేతన్ ఫోన్ చేశాడు.

“అక్కా, గుడ్ న్యూస్. పదింటికి సార్ మీ ఇంటికే వచ్చి లైవ్‌లో క్షమాపణ అడుగుతారు. ఇంకొకటి ఉంది, మీకు చెప్పొద్దన్నారు గానీ నాకు ఆగలేదు. పోస్టు కింద మీ హస్బెండ్ ‘ఇది నా భార్య’ అని కామెంట్ పెట్టినారు. సార్ కారు పంపించినారు. చింతామణి దాటేశారంట.”

శశికళ మెట్ల మీదే కూలబడింది. ఇంటి యజమాని పిల్లమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. రెండేళ్లలో ఆ చెయ్యి సంగతి అడిగిన మనిషి, విని ఊరుకున్న మనిషి ఆమె ఒక్కతే.

“ఏమిటికి కూసున్యావు? గుడ్డలు సర్దుకో. దేవనహళ్ళిలో మా చెల్లెలి కూతురు నేత్రావతి ఉండాది. ఆడికి పో.”

“వాళ్లు వచ్చి అడిగితే ఏం చెప్తావవ్వా?”

“వచ్చినప్పుడు చూస్తాంలే. నువ్వు పద.”

ఆమె సంచి సర్దుకుని కిందికి దిగేసరికి వీధికి రెండు చివరలా షామియానా కట్టేసి ఉంది. పిల్లమ్మ గుమ్మం ముందు వేదిక, దానిమీద రెండు పూల కుర్చీలు. జనం తోసుకొస్తే శశికళ పాల బూతు దగ్గర ఇరుక్కుపోయింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది. అందరి ఫోన్లూ వేదిక వైపే లేచి ఉన్నాయి కాబట్టి పక్కన ఎవరున్నారో ఎవరూ చూడలేదు.

ఆదినారాయణప్పగారు శాలువా, పండ్ల పళ్లెంతో వచ్చి చేతులు జోడించారు. “శశికళమ్మగారు ఎవరు?” అన్నారు. ఆమెతో అప్పటికి రెండుసార్లు మాట్లాడారు.

గుమ్మంలోంచి పిల్లమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. “నేనే అప్పా.”

చేతన్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. “సార్, ఈమె కాదు.”

ఆదినారాయణప్పగారి చిరునవ్వు చెదరలేదు. “లైవ్ ఆన్ అయిందా?”

“అయింది సార్. ఎనిమిది వేల మంది చూస్తా ఉన్నారు.”

“అయితే ఈమే.”

కాలర్ మైకు ఆన్‌లోనే ఉండటంతో ఈ సంభాషణను వీధంతా విన్నది. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వంగి క్షమాపణ అడిగారు, పిల్లమ్మ క్షమించింది, జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు కారు తలుపు తెరుచుకుని మోహన్‌కుమార్ దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతని చేతులు చూడగానే శశికళ మోచెయ్యి దానంతటదే మడుచుకుంది.

“ఈమె నా పెండ్లాం కాదు సార్” అన్నాడు మోహన్‌కుమార్. “ఈమెకు అరవై ఉంటాయి.”

“రెండేండ్ల ఎడబాటు అప్పా. మనిషన్నాక మారదా?” ఆదినారాయణప్పగారు అతని భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. “స్వల్ప అడ్జస్ట్ మాడి. కొంచెం సర్దుకుపోవాల.”

మోహన్‌కుమార్ జనంలో వెతకడం మొదలుపెట్టాడు. వరుస వెంట వరుసగా అతని చూపు పాల బూతు దాకా వచ్చింది. శశికళ చున్నీని కళ్లదాకా లాక్కుంది.

“సార్, ఇటు. కెమెరా చూడండి” అన్నాడు చేతన్.

మోహన్‌కుమార్ ఇటు తిరిగాడు. మళ్లీ అటు చూడబోయాడు.

“సార్, ఇటే. కొంచెం నవ్వండి. పెద్దాయన కళ్లు మూసుకున్నారు, ఇంకొకటి.”

ఆదినారాయణప్పగారికి ఫ్లాష్ పడితే కళ్లు మూతపడే అలవాటు. ఆయన కళ్లు తెరిచిన ఫొటో దొరికేసరికి ముప్పై ఒకటి అయ్యాయి. ఆఖరిదాంట్లో మోహన్‌కుమార్ కూడా నవ్వాడు, భుజం మీది చెయ్యి అంత గట్టిగా నొక్కింది. ఆపాటికి శశికళ షామియానా గుడ్డ కింద నుంచి దూరి రోడ్డెక్కి బస్సులో కూర్చుంది. బస్సు కదిలాక వెక్కి వెక్కి ఏడ్చింది.

మరునాటి పేపర్లలో ‘రెండేళ్ల తరువాత ఒక్కటైన జంట’ అని వచ్చింది. శశికళను భర్తకు అప్పగించడంలో ఆదినారాయణప్పగారి కృషిని అందరూ కొనియాడారు.

నాలుగో రోజు పిల్లమ్మ దేవనహళ్ళికి ఫోన్ చేసింది.

“నీ మొగుడు స్టేషన్‌కు పోయినాడంట. మన వీధి కానిస్టేబులు చెప్పినాడు. నా పెండ్లాం కనపడలేదు, వెతికియ్యండి అన్న్యాడంట. ఇన్‌స్పెక్టరు పేపరు తీసి, దీంట్లో ఉండేది నువ్వే కదా అంటే అవునన్న్యాడంట. నవ్వుతా ఉండేది నువ్వే కదా అంటే దానికీ అవునన్న్యాడంట. మరి పెండ్లాం పక్కనే కూసోని ఉండాది కదా, ఇంకెవురిని వెతికేది, పెద్ద వయసు మనిషిని రోడ్డున వదిలేస్తే నీ మీదనే కేసు రాస్తా, ఇంటికి పిలుచుకొని పో అన్న్యాడంట.”

“ఆయనేమన్నాడవ్వా?”

“ఏమంటాడు. ఆ ఫొటో తీసేటప్పుడు నన్నెవురూ అడగలేదు సార్ అన్న్యాడంట.”