మడమ నొప్పి లేని మొగుడు

సెలూన్ ఆయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్లేళ్ళు కొనుక్కొస్తానని భార్యతో చెప్పి బయలుదేరాలి, మడమకు ఇంజెక్షన్ వేయించుకోవాలి, ఏమీ ఎరగనట్టు ఇంటికి రావాలి. రోజంతా నిలబడి జుట్టు కత్తిరించే మనిషికి మడమ నొప్పి వస్తే చేతిలో కత్తెర ఉండీ లేనట్టే. దుకాణం మూసుకోవలసి వస్తుందేమోనని ఆయన భయం. ఆ సూదితో ఉన్న కాలు కూడా పాడవుతుందేమోనని ఆవిడ భయం. రాత్రి ఈ విషయం మీదే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

డాక్టరు నింపాదిగా చెప్పాడు. "కొన్ని వారాలు హాయిగా ఉండొచ్చు. పూర్తిగా నయమైందని మాత్రం అనుకోకండి. మాటిమాటికీ వేయించుకుంటే మడమ కింద మెత్తదనం తగ్గిపోతుంది. అరుదుగా అరికాల్లో పట్టీలా ఉండే కణజాలం తెగొచ్చు కూడా. ఇందులో మత్తుమందు కలిపాను, కాసేపు నొప్పి తెలియదు. అది దిగాక ఒకటి రెండు రోజులు ఎక్కువే కావచ్చు. కొద్ది రోజులు నిలబడకండి."

వీటిలో 'నొప్పి తెలియదు' అన్న ముక్క ఒక్కటే ఆయన చెవికెక్కింది.

కుర్రాడిలా ఇంటి మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. ఏడాదిగా ఆయన కుంటుతూ ఎక్కే చప్పుడు వినగానే ఆవిడ గడియ తీస్తోంది. తలుపు కొట్టే అలవాటే ఆయనకు పోయింది. ఇవాళ కొట్టాడు.

"ఎవరూ?"

"నేనే, తియ్యి."

"మళ్ళీ మొదలెట్టావా అన్నయ్యా! పోయినసారి మోసపోయాను గానీ..."

ఎదురింటి డ్రైవరుకు అందరి గొంతులూ అనుకరించే సరదా ఉంది. కిందటి వారం అచ్చం ఈయనలాగే పిలిచి తలుపు తీయించి పగలబడి నవ్వాడు.

"ఒట్టు, నేనేనే!"

"గొంతు ఆయనదే, నడక ఆయనది కాదు. మా ఆయన ఎక్కితే మెట్లు కూడా మూలుగుతాయి." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఇది నవ్వులాటకు వేళ కాదన్నయ్యా. ఇంజెక్షన్ వద్దన్నానని మొహం మాడ్చుకుని వెళ్ళారు. నిలబడి పని చేయకపోతే ఆ మనిషికి తోచదని నాకు తెలీదా? కాలికేమవుతుందోనని హడలిపోయి అన్నాను, అంతే. రాగానే నేనే తీసుకెళ్ళి వేయిస్తాను. ఈ మాట ఆయనతో అనకు, నెత్తికెక్కి కూర్చుంటారు."

బయట ఆయన తలుపుకు చెవి ఆనించి అంతా విన్నాడు.

ఇంతలో చప్పుడు విని డ్రైవరే వచ్చాడు. సాయం చేద్దామనుకుని, అలవాటు కొద్దీ ఈయన గొంతుతోనే, "తియ్యవే, నిజంగా మీ ఆయనే!" అన్నాడు.

"నువ్వూరుకోవయ్యా!" అన్నాడు అసలు మొగుడు.

లోపల ఆవిడకు ఇద్దరు మొగుళ్ళు వినిపించారు. కెవ్వుమంది. కింది వాటాలవాళ్ళు పరుగున వచ్చారు, వాచ్‌మన్ కర్రతో సహా. మీ ఆయనేనమ్మా అని వాళ్ళెంత చెప్పినా ఆవిడ నమ్మలేదు.

"మొగుడెవరో మెట్లెక్కి చూపించమనండి, చప్పుడు విని చెబుతాను!" అంది లోపలినుంచే.

ఈయన దిగి ఎక్కాడు. "కాదు," అంది. మళ్ళీ దిగి ఎక్కాడు. "కానే కాదు." వాచ్‌మన్ జాలిపడ్డాడు. "కొంచెం కుంటండి సార్." ఈయన కుంటుతూ ఎక్కాడు.

"చూశారా, దొంగ కుంటు కూడా సరిగ్గా రాలేదు!"

పంతం కొద్దీ మరోసారి దిగాడు. సగం మెట్లెక్కేసరికి మత్తు దిగిపోయింది. మడమలో మేకు దిగినట్టయింది. "అమ్మా!" అంటూ ఒక కాలు ఈడుస్తూ ఎక్కాడు.

గడియ ఊడింది.

"ఏమండీ, వచ్చారా!" ఆవిడ ఆయన చంక కింద భుజం పెట్టి లోపలికి నడిపించింది. కూర్చోబెట్టి కాలు ఒళ్ళోకి తీసుకుంటే మడమకు దూది అంటించి ఉంది. "వేయించుకున్నారా? నాకు చెప్పకుండా?"

"నువ్వు మీ అన్నయ్యతో చెప్పిందంతా విన్నాను."

ఆవిడ తల వంచుకుంది. "డాక్టరేమన్నాడు?"

"కొద్ది రోజులు నిలబడొద్దన్నాడు. దుకాణం మూసెయ్యాల్సిందే."

"మూయడమెందుకు? మీకు కాలు బాగోలేదు, నాకు చేతులు బాగానే ఉన్నాయి కదా!"

ఆ వారమంతా ఆయన మూల కుర్చీలో కాలు బారచాపి చెబుతూ ఉంటే, ఆవిడ కత్తిరించింది. క్షవరాలు కాస్త వంకర పోయినా ఎవరూ నోరెత్తలేదు, కత్తెర ఆవిడ చేతిలో ఉంది మరి.