చార్జ్ ఇయ్యకుండ పడిపోయిన సిస్టర్

మన గ్రూపుల ఒకాయన డబల్ డ్యూటీ మీద ఏడ్చుకుంట మెయిల్ పెట్టిండు. ఎందుకు ఏడుస్తరో నాకైతే సమజ్ అయితలేదు! డబల్ డ్యూటీ అంటే దేవుడిచ్చిన వరం. ఇంటికొక నర్సుండాలె, ఆమెకు వారానికి నాలుగు డబల్ డ్యూటీలు పడాలె. అప్పుడే సంసారం చల్లగుంటది.

మా ఇంటామె గోదావరి ఇక్కడ నాందేడుల ఒక ప్రైవేట్ దవాఖానల సిస్టర్. దవాఖాన పేరెందుకు లెండ్రి. పొద్దుగాల ఎనిమిదికి పోతది. రెండింటికి ఇంటికచ్చుడు కాగితం మీది ముచ్చట. అక్కడొక కాయిదా ఉన్నది: తరువాతి షిఫ్టు సిస్టర్ అచ్చి వార్డు చార్జ్ తీసుకుంటెనే ఈమె గేటు దాటాలె. అచ్చేటామె ప్రాచి, ఉమ్రి నుంచి రైలుకస్తది. రైలు లేటైతే ప్రాచి లేటు. ప్రాచికి జెరమస్తే? ఇగ గోదావరే ప్రాచి! రాత్రి ఎనిమిది దాక.

లాభాలు జర సోంచాయించుండ్రి. మా ఇంట్ల కొట్లాటలే లెవ్వు. కొట్లాడాలంటే ఇద్దరు మెలకువతోని ఉండాలె కద! నలభై మంచాలకు ఒక్క సిస్టర్, ఇగ వాకింగుకు స్టేడియం దాక పోవుడెందుకు? తిండి గుడ అంతే. డబ్బా మూత తీస్తది, బెల్లు మోగుతది, మూత పెడ్తది. లావున్నోళ్లకు డాక్టర్లు చెప్పే పథ్యం ఇదే కద! నీళ్లు గుడ తాగది, బాత్రూముకు పోయే టైముంటె కద.

ఇగ బీపీ అంటరా? దినాం ఎనభైసార్లు చూస్తది. అన్ని మందివే.

మొన్న మంగళారం ప్రాచి జెరమని రాలే; సాయంత్రం ఐదున్నరకు, మా జిల్లా హిమాయత్‌నగర్ ముసలమ్మ శాంతాబాయికి బీపీ పట్టీ కట్టుకుంటనే గోదావరి సోయి తప్పి పడ్డది. అదృష్టం చూడుండ్రి! బజార్ల పడితే ఆటో దొరకాలె, మంది జమ కావాలె. ఈమె సీదా దవాఖానల్నే పడ్డది!

శాంతాబాయే లేచి తన మంచం ఇచ్చి ఖాళీగున్న పక్క మంచానికి పోయింది. "పండు బిడ్డా, పొద్దటి సంది నువ్వు కూసున్నది నేనైతే చూడలే."

మెట్రన్ రఖమాబాయి ఉరికచ్చి అడిగిన మొదటి మాట: "సిస్టర్, చార్జ్ ఎవరికిచ్చి పడ్డవ్?"

అగో, డిసిప్లిన్ అంటే అది!

డాక్టర్ విశ్వేశ్వర్ అచ్చిండు. ఆయన అంతకుముందు దినం సంది డ్యూటీల్నే ఉన్నడు. గోదావరి బీపీ నూటఎనభై, కింద నూటపది. గోడకు ఆనుకొని, కండ్లు మూసుకొనే చెప్పిండు: "సిస్టర్, మీకు నిద్ర సాల్తలేదు."

నేను పోయేవరకు సెలైన్ నడుస్తున్నది. అంతల తొమ్మిదో మంచం బెల్లు మోగింది. గోదావరి సెలైన్ సీసా చేతిల పట్టుకొని లేచింది!

"ఏమే, నువ్వు పేషెంటువు!" అన్న.

"పేషెంటునే. సిస్టర్ ఏది మరి? గీ సీసా పట్టుకో. జర పైకెత్తయ్యా, రక్తం ఎనుకకస్తది!"

ఆమె, నేను, సీసా, ముగ్గురం కలిసి వార్డంత తిరిగినం. ఆలుమొగలం అంత దూరం కలిసి నడిచి ఎన్నేండ్లాయెనో!

ఏడింటికి ప్రాచి అచ్చింది, జెరంతోనే. చార్జ్ తీసుకున్నది. రాత్రి సిస్టర్ సెలవుల ఉండె, ఇగ రాత్రంత గుడ ప్రాచే. అప్పుడు పండింది గోదావరి. నోరు తెరిచి, గురక పెట్టి. ఇరవై రెండేండ్లల ఆమె గురక నేను ఇన్నది అదే మొదటిసారి.

పొద్దుగాల ఏడున్నరకు రఖమాబాయి నవ్వుకుంట కాగితం తెచ్చింది. బీపీ దిగింది, ఎనిమిదికి డిశ్చార్జ్. "డ్యూటీ గుడ ఎనిమిదికే కద అన్నా, ఇంటికి పోయచ్చే తిప్పలు తప్పింది! సంతకం పెట్టుండ్రి."

పెన్ను తీసుకున్న. గురక ఇంక నడుస్తనే ఉన్నది.

"మేడమ్, ఈ పేషెంటు చార్జ్ ఎవరు తీసుకుంటున్నరు? తీసుకునేటోళ్లు రాకుంటే కదలద్దని మీ కాయిదానే కద!"

మెట్రన్ కాగితం పట్టుకొని మర్రిపోయింది. నేను పెన్ను జేబుల పెట్టుకొని స్టూల్ మీద కూసున్న. గెలిచిన అనుకున్న.

పదకొండింటికి గోదావరి కండ్లు తెరిచింది. గడియారం చూసి గాభరపడ్డది. "అయ్యో, ప్రాచి ఇంటికి పోయిందా?"

ఎట్ల పోతది? చార్జ్ తీసుకునేటామెను నేనే పండవెడ్తి కద! తొమ్మిదో మంచం కాడ ప్రాచి మంచం కడ్డీకి ఆనుకొని బీపీ పట్టీ కడ్తున్నది, జెరం ఇంక దిగలే. వరమన్న కద, అది ఇప్పుడు ఆమెకు అచ్చింది.

శాంతాబాయి అప్పటికే ఆ పక్క మంచం గుడ దిగి, దుప్పటి దులిపి, ప్రాచి దిక్కే చూసుకుంట నిలబడ్డది.