ఆకు మిషన్ పరిశీలన కమిటీ

మహిళల కష్టాన్ని ఇక ఒక్క గురువారం కూడా చూడలేమని మా ఊరి మగవాళ్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ మీటింగుకు మహిళలను పిలవలేదు. అసలే కష్టాల్లో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి ఇంకా కష్టపెట్టడం ఎందుకని.

కష్టం ఏమిటంటే, మా సంఘం ఆడవాళ్లు అడవిలో అడ్డాకులు కోసుకొచ్చి విస్తర్లు కుడతారు. కుట్టినవి ప్లేట్లుగా గట్టిపడాలంటే వేడి అచ్చు మిషన్ కావాలి. అది మణుగూరులో ఉంది. అందుకని ప్రతి గురువారం పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లి, కిరాయికి అచ్చు వేయించుకుని, దీపాలు పెట్టే వేళకు వస్తారు. అచ్చు పని గంటలో అయిపోతుంది. మిగతా కష్టమంతా మిర్చి బజ్జీల బండి దగ్గర, గాజుల కొట్టులో, ఒక్కోసారి సినిమా హాల్లో పడతారు.

పదో తరగతి పరీక్షలు అయ్యాక నన్నూ ఈ కష్టానికి తీసుకెళ్తానని అమ్మ మాటిచ్చింది. పరీక్షలు అయ్యాయి. సరిగ్గా అప్పుడే మా నాన్న మంగయ్యకు స్త్రీ జనోద్ధరణ గుర్తొచ్చింది.

"మిషన్ మన ఊళ్లనే పెట్టుకుందాం. ఇగ మీకు మణుగూరు తిరుగుడు తప్పుతది," అన్నాడు నాన్న, సంఘం మీటింగులో లేచి నిలబడి.

"అవ్. మీరు గంత తిప్పలు పడుతుంటే మాకు ముద్ద దిగుతలేదు," అన్నాడు లచ్చయ్య పెదనాన్న. ఇది నిజమే. గురువారం మధ్యాహ్నాలు మా ఊళ్లో పొయ్యి వెలగదు. మగవాళ్లు చల్లారిన అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తింటారు.

పెదనాన్న భార్య భారతమ్మ పెద్దమ్మే సంఘం అధ్యక్షురాలు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా మీద మీకు గింత ప్రేమ, పావురం ఉన్నదని తెల్వకపాయె. కొందాం. కానీ సంఘం సొమ్ముతోని కొనేటిది, చూడకుండ కొంటమా? పరిశీలన కమిటీ వెయ్యాలె."

కమిటీలో ఎవరుండాలన్న చర్చే రాలేదు. ఆడవాళ్లందరూ ఉన్నారు. "చదువుకున్న పిల్ల ఒకతి ఉంటే మంచిది," అని అమ్మ నా పేరు కూడా చెప్పింది. నలుగురిలో నాకు నోరు పెగలదు. తల వంచుకుని గోరు కొరుక్కున్నాను.

మొదటి పరిశీలన కారేపల్లిలో. మిషన్ బాగానే ఉంది కానీ మా సంఘం ముత్తక్కకు దాని చప్పుడు నచ్చలేదు. రెండోది భద్రాచలంలో. దర్శనం అయ్యి, గోదావరి ఒడ్డున పులిహోర తినేసరికి మిషన్ల షాపు మూసేశారు. అందుకని మళ్లీ వెళ్లాం. ఆ తర్వాత ఖమ్మం. కొత్త మిషన్ వచ్చేదాకా పాత పని ఆగకూడదు కాబట్టి, గురువారాలు మణుగూరు మామూలే. పరిశీలనకు మంగళవారం, శనివారం కేటాయించాం.

ఊళ్లో లచ్చయ్య పెదనాన్న పప్పు వండబోయి గిన్నెను వండాడు. మా నాన్న ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికి ఫోన్ చేస్తే, బస్సు హోరులో అమ్మకు వినపడలేదట.

చివరికి మగవాళ్లే మీటింగు పెట్టారు. ఈసారి మహిళలను పిలిచారు.

"ఆలోచిస్తే మణుగూరే నయమనిపిస్తున్నది," అన్నాడు నాన్న. "గురువారం ఒక్కరోజైతే ఎట్లనో సర్దుకుంటం."

"మరి మా కష్టం?" అంది భారతమ్మ పెద్దమ్మ.

"గది కష్టం కాదని మాకు మొదట్నుంచీ ఎరికేనే," అన్నాడు పెదనాన్న. నాన్న మోచేత్తో పొడిచాడు కానీ ఆలస్యమైంది.

"ఎరికైతే మిషన్ ఎందుకన్నరు?"

"బువ్వ కోసం," అన్నాడు పెదనాన్న, చిన్నపిల్లాడిలా.

నాన్న దిక్కుతోచక నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా. నీకు అబద్ధాలు రావు. ఖమ్మంల మిషన్ కొనేటట్టున్నదా, లేదా? ఇయ్యాల తేల్చేద్దాం."

ఖమ్మంలో నేను దగ్గరగా చూసిన మిషన్ ఒక్కటే. బట్టల షాపులో మనుషుల్ని నిలబెట్టి పైకి మోసుకెళ్లే మెట్లు. దాన్ని మాత్రం చాలాసేపు, ఎక్కుతూ దిగుతూ, క్షుణ్ణంగా పరిశీలించాను.

అందరూ నన్నే చూస్తున్నారు. అయినా కమిటీ సభ్యురాలిని కదా.

"ఇంకోసారి చూడాలె నాయినా," అన్నాను.