గుమ్మిలో ఎలుక

నర్సింహులపేట శివారులో మిషన్ వాళ్లు నడిపే ముసలి రోగుల దవాఖానలో లచ్చి వంటమనిషి. కోటలాంటి దొర గడికి గింజ కూడా ఇవ్వొద్దని సంఘం ఊరూరా చెబుతున్న రోజులవి. ఆ ఉదయం జొన్నల గుమ్మిలోంచి ఎలుక దూకడం చూసి, జొన్నలన్నీ బయటికి తీసి, చెరిగి, ఎండలో పోయాలనుకుంది.

"అవ్వా, జొన్నలల్ల ఎలక వడ్డది. జర గా చాట అందియ్యి" అంది, అరుగు మీద జొన్న గటక తింటున్న పెంటమ్మతో.

పెంటమ్మకు చెవుడు. 'ఎలక' అన్న మాట వినబడింది. మిగిలింది తనే పూరించుకుంది.

"ఓ బిక్షపతీ! గటకల ఎలకల మందు వడ్డదట!"

ఆ పూట గటక తిననివాళ్లు లేరు. మంచం దిగలేని బిక్షపతి దిగాడు. ఉప్పునీళ్లు కలిపి తాను తాగి, "తాగుండ్రి, కక్కుండ్రి!" అంటూ అందరికీ పోశాడు. కాసేపట్లో ముసలివాళ్లంతా వాకిట్లో వరసగా కక్కుతున్నారు.

"మందు లేదు, మన్ను లేదు! ఉత్త ఎలకనే!" అని లచ్చి మొత్తుకున్నా వినే తీరిక ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే దొర మనిషి మొగిలి, ఆ జొన్నలు ఎత్తుకుపోవడానికి బండి తోలుకొచ్చాడు. వాకిలి చూసి బిత్తరపోయాడు.

"ఏందిర గిది?"

"గట... గత్..." బిక్షపతికి మళ్లీ కక్కొచ్చింది.

"గత్తరా!" కలరా అనుకుని మొగిలి బండి తిప్పిన వేగానికి ఎద్దులే ఆశ్చర్యపోయాయి.

మధ్యాహ్నం అతను దూరంగా పొలం గట్టు మీద నిలబడి అరిచాడు. "దొర హుకుం! గత్తరోళ్లు ఒక్కరు గూడ బయటికి రావద్దు!"

నిజం లచ్చి నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి ముసలివాళ్లను చూసింది. మింగేసింది.

"రాకుంటె ఏం తినాలె? ఉన్న జొన్నలు మీరు గుంజుకపోతరాయె. అందరం గడికే వస్తం. దొర వాకిట్లనే పండుకుంటం!"

ఈసారి పెంటమ్మకు ప్రతి మాటా వినబడింది. కర్ర అందుకుని లేచింది. "నడువుండ్రి" అంది. సగంమందికి నడిచే ఓపిక లేదు. అయినా ఒకరినొకరు పట్టుకుని అందరూ లేచారు.

"ఆగుండ్రి! మీ జొన్నలు మాకద్దు!" మొగిలి వెనక్కి వెనక్కి జరిగాడు.

"కడుపులు చెడ్డయి. జొన్నలు అరుగయి. బియ్యం పంపమను" అంది లచ్చి.

పొద్దు వాలేలోపు దొర మనుషులు గట్టు మీద సన్నబియ్యం బస్తాలు దింపి పరుగు తీశారు.

లచ్చి ఆ బియ్యాన్ని వండేముందు మూడుసార్లు కడిగింది. గడి నుంచి వచ్చినవి కదా.