రూపనగుడి నుంచి మంగళూరుకు ఎంతసేపు

సోమవారం పొద్దున సిద్ధేశ్ రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, వెంకటప్పయ్య ట్రాక్టరుకు క్లచ్ ప్లేటు మార్చడం. రెండు, భార్యను ఇంటికి వచ్చెయ్యమని అడగడం. మొదటిది మధ్యాహ్నానికి అయిపోవాలి. రెండోదానికి టీ తాగేంత సేపు చాలనుకున్నాడు.

అంబిక మంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన నాలుగో నెలలో ఏడాది ఒప్పందం మీద వెళ్ళింది. ఆ ఏడాది ఈ వారంతో ముగుస్తుంది. ఇంకో ఏడాది ఉంటుందో లేదో బుధవారం సాయంత్రం లోపల ఆసుపత్రికి చెప్పాలి. ఆమె వెళ్ళాక సిద్ధేశ్‌కు ఇంట్లో రెండో పళ్ళెం కడిగే పని రాలేదు. జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లను ఆమె కిటికీ మేకుకు తగిలించి పోయింది. అతను వాటిలో ఒకటి తీసి స్పానర్ల కట్టకు వేసుకున్నాడు. మిగతావి ముట్టుకోలేదు.

సిద్ధేశ్ రూపనగుడిలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. షెడ్డు, ఇల్లు పక్కపక్కనే. ఫోనుకు సిగ్నలు కావాలంటే ట్రాలీ ఎక్కి నిలబడాలి. ఆ రోజూ ట్రాలీ ఎక్కి వీడియో కాల్ చేశాడు. వాళ్ళ మాటల మధ్య ఎప్పుడూ ఒక సందు ఉంటుంది. ఇతను "తిన్నావా" అంటే బొమ్మలో ఆమె ఊరికే చూస్తుంది. పెదవులు కదులుతాయి. తర్వాత మాట వస్తుంది. ఆమె నవ్వు నోరు మూసుకున్నాక వినపడుతుంది. ఏడాదిగా ఇద్దరూ దానికి అలవాటు పడ్డారు.

కానీ ఆ పొద్దున అడిగింది తిన్నావా అని కాదు.

"అంబికా, ఆ ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చేస్తావా?"

బొమ్మలో అంబిక కదల్లేదు. సిద్ధేశ్ ఆగాడు. ఇంకా కదల్లేదు. ఆలోచిస్తోంది అనుకున్నాడు. ఇష్టం లేదు అనుకున్నాడు. ఆమె నోటితో ఆ మాట అనేదాకా చూస్తూ నిలబడటం అతని వల్ల కాలేదు.

"వద్దులే, ఉండు. నీ ఉద్యోగం నీది" అనేశాడు.

అప్పుడొచ్చింది మాట. "వచ్చేస్తా." తర్వాత కాసేపు ఏమీ లేదు. కాల్ తెగింది.

సిద్ధేశ్ ట్రాలీ మీంచి దూకాడు. తను వద్దన్నా వస్తానంది. పక్కింట్లో ఉండే మేనత్త హంపమ్మ గోడకవతల జొన్నలు చెరుగుతూ ఉంది.

"అత్తా, అంబిక వచ్చేస్తాదంట."

"ఎప్పుడు?"

"ఈ వారమే."

హంపమ్మ చేట దించి వీధిలోకి నడిచింది. ఆమె తిరిగి వచ్చేసరికి వీధిలో వాళ్ళందరికీ అంబిక ఈ వారం వస్తుందని తెలుసు. ఆ కబురు వీధి చివరికి చేరేసరికి ఆమెకు మూడో నెల కూడా.

మధ్యాహ్నం ఫోనులో ఒక సందేశం వచ్చింది. "సరే. నువ్వన్నట్టే ఉండిపోతా." సిద్ధేశ్ దాన్ని హంపమ్మకు చదివి వినిపించాడు.

"వచ్చేస్తా అనింది అంటివి. ఉండిపోతా అంటాది. ఏందిరా ఇది?" అంది హంపమ్మ. "మూడో నెల్లో మనసు నిలకడగా ఉండదులే."

"ఏం మూడో నెల? ఏడాదాయ ఆమె పోయి."

"వీధిలో అట్లే అంటాండారప్పా. నాకేం తెలుసు?"

సిద్ధేశ్ కాల్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఇదంతా వెంకటప్పయ్య షెడ్డులో కుర్చీ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి కాలవ కింద వరి పెట్టిన మనిషి. ఆ ఊరి పక్క, అట్లా వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో ఇల్లు. ట్రాక్టరు అయ్యేదాకా ఆయనకు వేరే పని లేదు.

"అబ్బాయ్, నువ్వేమన్నావు, ఆ అమ్మాయి ఏమంది, వరస తప్పకుండా చెప్పు" అన్నాడు.

సిద్ధేశ్ చెప్పాడు. వెంకటప్పయ్య కాలవ వైపు చెయ్యి చూపించాడు.

"మాది కాలవ చివర. పైన గేటెత్తితే నీళ్ళు మా మళ్ళోకి రావడానికి మూడు రోజులు పట్టిద్ది. రాలేదు గదా అని రెండో రోజు నీళ్ళొద్దని చెప్పామనుకో. మూడో రోజు నీళ్ళు వస్తాయి. వద్దన్నాక పంపారని తిట్టుకుంటామా? అయ్యి ముందే బయల్దేరినయ్యి."

"అయితే?"

"నువ్వు అడగంగానే ఆ అమ్మాయి వచ్చేస్తానంది. ఆ మాట దారిలో ఉంది. నీకు ఓపిక లేదు, వద్దులే అన్నావు. అది అక్కడ ఎట్టా వినపడిందో చూడు. నేను వస్తానన్నా, మా ఆయన వద్దులే అన్నాడు, అని."

సిద్ధేశ్ చేతిలో ఉన్న క్లచ్ ప్లేటు కింద పెట్టాడు. జరిగిందంతా టైపు చేసి పంపాడు. కాలవ సంగతి కూడా రాశాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. "టైపు ఎవురైనా చేస్తారు. మొగం చూపిచ్చి చెప్పు. ఆ మాట నోట్లోంచి వచ్చేది చూడల్ల నేను."

ట్రాలీ మీద నిలబడి చెప్పే మాట కాదది.

మంగళవారం పొద్దున సిద్ధేశ్ కబురు పెడితే ఓబులేష్ వచ్చాడు. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపినవాడు. ఇప్పుడు ఇళ్ళకు ఫైబరు తీగ వేస్తాడు.

"రెండొందలు ఇస్తానప్పా నీకు" అన్నాడు.

"ఏం రెండొందలు?"

"స్పీడు."

"మాట ఎంతసేపటికి పోతాది అన్నా?"

"రెండొందలు అంటాండా కదప్పా. ఇంక ఎంతసేపు ఏంది?"

తీగ గాదిలింగప్ప దుకాణం ముందున్న స్తంభం దాకా ఉంది. అక్కడినుంచి సిద్ధేశ్ ఇంటికి రావాలంటే ఆరు మిద్దెల మీదుగా లాగాలి. మొదటి మిద్దె గాదిలింగప్పదే. ఆయన నిచ్చెన పట్టుకుని ఆపాడు.

"నా చేనులో నుంచి పిల్లకాలవ పోతే నాకు వంతు ఇస్తారా, లేదా?"

"ఇస్తారు" అన్నాడు ఓబులేష్.

"మిద్దె చేను కాదా?"

పొలాల దగ్గర ఆ ఊరి వాళ్ళు నడుపుకునే లెక్క అది. ఎవరి నేల మీదుగా నీళ్ళు పోతాయో వాళ్ళకు అందులో భాగం. సిద్ధేశ్ తండ్రి కూడా అట్లాగే ఇచ్చాడు, తీసుకున్నాడు. కాదనడానికి అతనికి నోరు రాలేదు. గాదిలింగప్పకు వైఫై పాస్‌వర్డ్ ఇస్తానన్నాడు. రెండో మిద్దెకు వచ్చేసరికి ఆ ఇంటివాళ్ళు ముందే బయట నిలబడి ఉన్నారు. ఆరో మిద్దె హంపమ్మది. ఆమె ఫోను వాడదు. అయినా తన వంతు కోడలు పుష్పావతికి రాయించుకుంది. తీగ నీడ తమ గోడ మీద పడుతోందని ఎదురింటి ఉచ్చంగెమ్మ కూడా పాస్‌వర్డ్ అడిగింది. సిద్ధేశ్ ఇచ్చాడు. అతనికి తొందరగా ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి పెట్టెలో పచ్చ దీపాలు వెలిగాయి. అంబికకు భోజనం వేళ అది. సిద్ధేశ్ మొహం కడుక్కున్నాడు. చొక్కా మార్చాడు. కిటికీ దగ్గర, రబ్బరు బ్యాండ్లు బొమ్మలో కనపడేటట్టు కూర్చుని కాల్ చేశాడు. ఆమె ఎత్తింది.

"అంబికా" అన్నాడు.

బొమ్మలో ఆమె నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. అట్లాగే ఉంది. సిద్ధేశ్ ఈసారి పెదవి బిగబట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ నోరు మూసుకోలేదు. ఆ తర్వాత నాలుగు మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "చెప్పు... ఏంది... ఉండావా... సరే పో." కాల్ తెగింది.

ట్రాలీ మీద కూడా ఇంత జరగలేదు. ఓబులేష్ తన ఫోనులో పరీక్ష పెట్టి చూపించాడు.

"సూడప్పా, నూటా తొంభై వస్తాండాది. నా తప్పేముంది?"

క్లచ్ ప్లేటు కోసం మళ్ళీ వచ్చిన వెంకటప్పయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. "కింద తొమ్మిది వందలని ఇంకో అంకె ఉందే, అదేంటి?"

"అదా? పింగు. లేటెన్సీ అంటారు. మాట పోయి జవాబు తెచ్చేదానికి పట్టే టైము. ఎంత తక్కువుంటే అంత మేలు. దాన్ని ఈడ ఎవురూ అడగరు పెద్దాయనా. అందరూ స్పీడే అడుగుతారు."

"ఈడు అడిగింది అదే గదయ్యా, మొన్నట్నుంచి."

సిద్ధేశ్ పచ్చ దీపాలు చూస్తూ అన్నాడు. "డీజిల్ పైపు లావుగా ఉండాదని బండి జల్దీ స్టార్ట్ కాదు కదన్నా. ఎంత వస్తాదని కాదు, ఎప్పుడొస్తాదని నా బాధ."

"ఆ తొమ్మిది వందలు తీగ తప్పు కాదేమో" అన్నాడు వెంకటప్పయ్య. "ఇప్పుడు దీంట్లో ఎంతమంది నీళ్ళు తోడుతున్నారు?"

ఓబులేష్ ఫోనులో వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. జరుపుతూనే ఉన్నాడు. గాదిలింగప్ప దుకాణంలో టీవీకి క్రికెట్ ఆట. పుష్పావతి ఫోనులో ఆగిపోయిన సీరియళ్ళన్నీ దిగుతున్నాయి. ఉచ్చంగెమ్మ ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు, వాళ్ళందరికీ వంతు అందింది. సిద్ధేశ్ మాట ఇదంతా పోయేదాకా వెనకాల నిలబడి ఉంది.

"అదీ సంగతి" అన్నాడు వెంకటప్పయ్య. "పైవాళ్ళందరూ తూములు తెరిచారు. చివరి మడి ఎండిపోయింది. వంతు పెట్టాలి."

పాస్‌వర్డ్ మార్చేస్తానన్నాడు ఓబులేష్. సిద్ధేశ్ వద్దన్నాడు. ఇచ్చిన వంతు తీసుకుంటే రేపు ఆ మిద్దెల మీద తీగ ఉండదు. హంపమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఇప్పుడు వంతు మావోనిది" అంటూ ఇంటింటికీ పోయింది. "సాకు, ఇంక చాలు, మూసేయండి. వాని పెండ్లాంతో మాట్లాడల్ల. సాయంత్రమైతే ఆమె మళ్ళీ ఏడాది ఈడికి రాదు."

కాలవ వంతు అంటే ఆ వీధిలో ఎవరూ ఎదురు మాట్లాడరు. ఆట ఆగింది. సీరియల్ ఆగింది. చుట్టాలు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. చేతులు ఖాళీ అయ్యాక ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అందరూ సిద్ధేశ్ ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఓబులేష్ మళ్ళీ పరీక్ష పెట్టాడు. "పన్నెండు" అన్నాడు, ఎవరో పరీక్ష పాసైనట్టు.

నాలుగు దాటాక అంబిక ఎత్తింది. "మళ్ళీ ఏందప్పా" అంది. పెదవులు, మాట కలిసి వచ్చాయి. ఆమె రెప్ప వాల్చింది. రెప్ప వాల్చినప్పుడే సిద్ధేశ్‌కు కనపడింది. ఏడాది తర్వాత ఆమె ఎదురుగా కూర్చున్నట్టయింది. అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"వచ్చేయ్" అన్నాడు.

"వద్దులే అంటివి కదా."

"నీ మాట నాకు రాకముందే అన్నా. నువ్వు వద్దంటావేమో అని భయపడి అన్నా. వస్తా అనింది విన్నాక కాదు."

అంబిక అతన్ని చూసింది. చూస్తున్నది అతనికి కనపడింది. తర్వాత నవ్వింది. నవ్వు, నోరు ఒకేసారి తెరుచుకున్నాయి.

"పిచ్చోడా. మొగం చూపిచ్చమంటే చూపీకపోతివి, నిన్ననే సంతకం పెట్టేసినా. వద్దులే అన్నోనికోసం గడువు దాకా యాడ ఆగేది?"

గోడ దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు.

"ఎవురుండారు ఆడ?"

"వీధి" అన్నాడు సిద్ధేశ్.

"అందరూ వింటాండారా? విననీలే. ఇంకో ఏడాది నేను రాలేను. ఈడ రేవులో పడవ ఇంజన్లు బాగుచేసేవాళ్ళు దొరకరంట. ట్రాక్టరు ఇంజనూ డీజిల్‌దే కదా. నువ్వొచ్చేస్తావా?"

సిద్ధేశ్ నోరు తెరవలేదు. షెడ్డు ఉంది. ట్రాలీ ఉంది. తండ్రి పేరు రాసిన బోర్డు ఉంది. రూపనగుడి దాటి అతను ఎక్కడా స్పానరు పట్టలేదు. గోడకు ఆనుకున్న వాళ్ళందరూ తలలు తిప్పి పెట్టె చూశారు. దీపాలు పచ్చగానే ఉన్నాయి.

"పన్నెండే ఉండాది" అన్నాడు ఓబులేష్ మెల్లగా. "తప్పు నాది కాదు."

"ఆగినావే" అంది అంబిక. "నెట్టా?"

మొన్నటిదాకా అయితే అవును అనేవాడు. ఆమె నమ్మేది.

"కాదు, నేనే" అన్నాడు. "వస్తా."

ఈసారి అంబిక మాట్లాడలేదు. బొమ్మ ఆగలేదు, ఆమె గాజులు కదులుతున్నాయి. సిద్ధేశ్ పెదవి బిగబట్టి ఉన్నాడు.

"ఏందే, మాట్లాడు" అంది వెనకనుంచి హంపమ్మ.

"ఉండత్తా. వెనకాల ఇంకో వద్దులే వస్తాదేమో అని సూస్తాండా" అంది అంబిక.

రాలేదు.

సిద్ధేశ్ క్లచ్ ప్లేటు వేసి, షెడ్డుకు తాళం పెట్టి, ఆదివారం బస్సెక్కాడు. స్పానర్ల కట్ట వెంట తీసుకుపోయాడు. కిటికీ మేకు మీద ఉన్న రబ్బరు బ్యాండ్లు కూడా. ఇంటి తాళంచెవి హంపమ్మ దగ్గర ఉంది. ఫైబరు కనెక్షన్ ఏడాదికి తీసుకున్నది కాబట్టి పెట్టె వెలుగుతూనే ఉంది. వీధి వాళ్ళు వంతులు వేసుకుని వాడుకుంటున్నారు. మాట పోయిన క్షణానికే జవాబు వస్తోందని అందరూ ఒప్పుకుంటారు, కానీ వాళ్ళు మాట్లాడవలసిన వాళ్ళంతా పక్క ఇళ్ళలోనే ఉంటారు.