నడిగోదారిలో జోగేశ్వరరావు

పొద్దున్నే కొవ్వూరులో పాసింజరు ఎక్కి, రాజమండ్రిలో కొత్త కళ్ళజోడు తెచ్చుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. జోగేశ్వరరావు పని అంతే. కాకపోతే కిందటి నెల ఇదే పనికి వెళ్ళి, బండిలో కునుకు తీసి, తునిలో దిగిన మనిషి ఆయన. అందుకని కూతురు ఇంద్రజ చెప్పినట్టు, భార్య వీరవేణి ఈసారి ఆయన ఫోనులో లైవ్ లొకేషన్ పెట్టించింది. ఆయన ఎటు వెళితే అటు, ఆమె ఫోనులోని పటం మీద ఆయన మీసాల బొమ్మ నడుస్తుంది.

"జేబులో పెడితే కనపడరు. కుడిచేత్తో గట్టిగా పట్టుకోండి," అని చెప్పి, వంతెన మీద గోదారమ్మకి వెయ్యమని ఒక రూపాయి బిళ్ళ కూడా ఇచ్చింది.

ఆమె చింతపండులో పిక్కలు తీస్తూ బొమ్మనే చూసింది. బొమ్మ స్టేషను దాటింది, వంతెన ఎక్కింది, నది మధ్యకు వెళ్ళి ఆగింది.

సిగ్నలు లేదేమో అనుకుంది. పిక్కలన్నీ అయిపోయినా బొమ్మ కదల్లేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. పక్కింటి మెర్సీకి చూపిస్తే, ఆ పిల్ల కుట్టుమిషను ఆపి, బండి ఆగి ఉంటుంది పిన్నిగారూ అంది గానీ, ఆ మాట అంటూ మొహం మాత్రం చూడలేదు. ఇంద్రజకు ఫోను చేశారు. బండి ఎక్కడుందో ఇంద్రజ తన ఫోనులో చూసింది.

"అమ్మా, బండి రాజమండ్రి చేరి చాలాసేపయింది."

బండి చేరింది. మనిషి నదిలోనే ఉన్నాడు. వంతెన రాగానే తలుపు దగ్గర నిలబడి వంగి దణ్ణం పెట్టడం ఆయనకు అలవాటు. అది వీరవేణికి గుర్తొచ్చింది.

ఇంద్రజ కంగారులో ఆ పటాన్ని చుట్టాల గ్రూపులో పెట్టింది. పాలకొల్లు వాళ్ళు చూసేసరికి మనిషి జారిపడ్డాడు. పెద్దాపురం చేరేసరికి రైలుపెట్టె మొత్తం గోదావరిలో ఉంది. అక్కడి ఆడపడుచు మరిడమ్మ తల్లికి కోడిని మొక్కేసింది. వీరవేణి తమ్ముడు అచ్చిబాబు రేవులో మనుషుల్ని పోగుచేశాడు. ఒకరు తాడు తెచ్చారు. ఇంకొకరు, ఎందుకైనా మంచిదని, తెల్లగుడ్డ తెచ్చారు. దాన్ని చూడగానే వీరవేణి పడవ వైపు నడిచింది.

నీళ్ళంటే భయపడి, పుష్కరాల్లో కూడా చెంబుతో నెత్తిన పోసుకున్న మనిషి, రేవులో పడవ నడిపే సత్తియ్య పడవ ఎక్కింది. ఫోను రెండు చేతులా పట్టుకుని దారి చెప్పింది. పటం మీద ఆమె నీలం చుక్క ఆయన బొమ్మ వైపు పాకింది. బొమ్మ నవ్వుతూనే ఉంది.

చుక్క వెళ్ళి బొమ్మను తాకింది. తల వంచి చూస్తే ఎర్రనీళ్ళు, చిన్న సుడి.

"ఇక్కడ గెడకి అడుగు అందదమ్మా," అన్నాడు సత్తియ్య మెల్లగా.

వీరవేణి నీళ్ళ మీదికి వంగి, ఏవండీ అని పిలిచింది. ఆయన ఎప్పుడూ మూడో పిలుపుకు గానీ పలకడు. అందుకని మూడుసార్లు పిలిచింది.

పడవ వెనక్కి తిరిగి రేవుకు వచ్చేసరికి జనం ఇంకా పెరిగారు. మెట్ల మీద అచ్చిబాబు మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అతని భుజం మీంచి కొత్త కళ్ళజోడు ఒకటి నీళ్ళలోకి తొంగి చూస్తోంది.

"ఎవరండీ పడింది?"

"మా బావండి," అన్నాడు అచ్చిబాబు తువ్వాలు తియ్యకుండానే.

"అయ్యో పాపం. పెద్దవారా?"

"పెద్దాయనేనండి. చెప్తే వినడు," అంటూ తల తిప్పిన అచ్చిబాబు చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

వీరవేణి పడవ మీంచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగిపోయి, మెట్లెక్కి ఆయన చొక్కా పట్టుకుంది. చొక్కా వదలకుండానే ఫోనేదని అడిగింది.

జోగేశ్వరరావు నేల చూపులు చూశాడు. ఫోను చేద్దామంటే ఇంటి నంబరు కూడా ఆ ఫోనులోనే ఉందట. తిరుగుబండిలో వచ్చి, ఇంటికి తాళం చూసి, జనం పోయే దారిన వచ్చాడట.

"గోదారమ్మకి ఎడంచేత్తో ఎలా వేస్తానే? కుడిచేత్తోనే వేశాను," అని ఎడమ గుప్పిట విప్పాడు. రూపాయి బిళ్ళ అందులో చెమటతో మెరుస్తోంది.

వీరవేణి ఆ బిళ్ళ తీసుకుని గోదావరి వైపు తిరిగింది. వేసే ముందు మాత్రం, తన ఫోనును, రేవుకు తోడొచ్చిన మెర్సీ చేతికిచ్చింది.