కొమురెల్లి రెండో షిఫ్టు పిలుపు

మామిడి ముక్కలు ఎండకు పోసి, రెండు గంటల ఫోను వచ్చేలోపు గిన్నెలు కడిగేసుకోవాలని లింగవ్వ ఆ పొద్దున అనుకుంది. రోజూ రెండు గంటలకు ఆమె భర్త కొమురెల్లి ఫోను చేస్తాడు. ఆయన చనిపోయి మూడేళ్లయింది.

గోదావరిఖనిలో ఆ గని కార్మికుల క్వార్టర్ల వాళ్లకు ఇది వింత కాదు. బొగ్గుబాయిలో దిగే ఓపిక పోయాక, కొమురెల్లి షిఫ్టు వేళకు వాడంతా తిరిగి పేరు పేరునా పిలిచేవాడు. ఎవరి మస్టరూ, అంటే ఆ రోజు హాజరూ, పోనిచ్చేవాడు కాదు. లోపలి నుంచి "వస్తున్న" అని వినబడేదాకా ఆ గుమ్మం వదిలేవాడు కాదు. ఎంతకీ పలకకపోతే పక్కింటి వాళ్ల చేత లేపించేవాడు. పక్క క్వార్టరు ఎలక్ట్రీషియన్ రఘుపతి ఆ పిలుపులన్నీ రికార్డు చేసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, యంత్రం కట్టాడు. అది క్వార్టర్ నెంబర్ల వరసలో ఫోన్లు చేసి కొమురెల్లి గొంతుతో పిలుస్తుంది. జవాబు రాకపోతే పక్కింటికి చేస్తుంది. ఆయన పోయాక ఆ గొంతు వాడుకుంటానంటే లింగవ్వ పెట్టిన షరతు ఒకటే: అన్నిటికంటే ముందు ఫోను తనకు రావాలి.

"లింగవ్వా, ఇంట్లున్నవా? నేను పోయొస్త" అంటుంది ఫోను.

"పోయిరా" అంటుంది ఆమె. ఆ ఒక్క మాట అనడానికే ఆమె ఆ వేళకు ఎక్కడికీ వెళ్లదు.

పది గంటలకు రఘుపతి తల వంచుకుని వచ్చాడు. వెనక అతని మేనకోడలు సంధ్యారాణి. ఆమె కరీంనగర్‌లో వకీలు.

"చిన్నమ్మా, ఇయ్యాల్టి నుంచి కాక ఫోను రాదు."

"ఎందుకు రాదు? మూడేండ్ల సంది ఒక్కరోజు నాగా పెట్టలె."

"కేసు ఏసిన."

"మీ కాక మీదనా?"

"కాక మీద ఏసుడేంది! చౌరస్తా కాడ కంప్యూటర్ సెంటర్ పృథ్వీరాజ్ మీద. జవాబు వచ్చేదాంక పిలుసుడు, రాకుంటే పక్కింటికి చేసుడు, అది నా పేటెంటు. ఐదేండ్లు తిరిగి తెచ్చుకున్న. ఆయన గూడ గదే సాఫ్ట్‌వేర్ పెట్టుకొని ఇంకో కాలనీల నడిపిస్తున్నడు."

"నాకు చెప్పకుంట వేరే వకీలుతోని ఏయించిండు అవ్వా" అంది సంధ్యారాణి. "గా సాఫ్ట్‌వేర్ ముప్పై మంది కలిసి రాసి అందరికి ఇచ్చిన్రు. మామ గూడ అందుల కొంత రాసి ఇచ్చిండు. ఎవరన్న వాడుకోవచ్చు. ఒక్కటే షరతు. ఈ సాఫ్ట్‌వేర్ నా పేటెంటు దొంగిలించిందని ఎవరి మీదనన్న కేసు ఏస్తే, ఏసిన నాడే నీ పర్మిషన్ ఖతం. అవతలోళ్లది ఉంటది, నీదే పోతది."

లింగవ్వ ఎండలోని మామిడి ముక్కలను ఒకసారి కలియబెట్టింది. "అంటే అందరు కలిసి ఏసిన పందిరి కింద కూసోని, పక్కోన్ని లెవ్వుమన్నవు. నిన్నే లేపిన్రు."

"గంతే" అంది సంధ్యారాణి.

రఘుపతి ఇంటింటికీ వెళ్లి యంత్రం ఆపేశానని చెప్పాడు. నమ్మని వాళ్లకు పీకిన వైరు చూపించాడు. లింగవ్వ గిన్నెలు కడగలేదు. గోడకు ఆనుకుని, చేతిలో ఫోను పెట్టుకుని కూర్చుంది.

రెండయింది. వాడలో పిట్ట లేదు. ఎండ తెల్లగా కాస్తోంది. వేపచెట్ల ఆకులు కూడా కదలడం లేదు.

ఫోను మోగింది.

"లింగవ్వా, ఇంట్లున్నవా? నేను పోయొస్త."

ఆమె ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుంది. "పోయిరా" అంది. ఫోను ఆగింది. ఆగి, మొదటి క్వార్టర్‌లో మోగింది.

మొదటి క్వార్టర్ నర్సింగం ఉదయం ఆ వైరును తన చేత్తో పట్టుకుని చూశాడు. ఫోనును మంచం మీద పెట్టి బయటికి ఉరికాడు. ఫోను మోగి మోగి ఆగింది. పక్కింట్లో మోగింది. అక్కడా ఎవరూ ముట్టలేదు. దాని పక్కింట్లో మోగింది. ఒక్కో గుమ్మం ముందు కాసేపు నిలబడి, పలకకపోతే ముందుకు కదిలే మనిషి నడకలాగే ఆ మోత వాడ పొడవునా నడిచింది. చివరి ఇల్లు దాటి, మలుపు తిరిగి, మళ్లీ మొదటికి వచ్చింది. ఫోన్లు లోపలే వదిలి అందరూ గుమ్మాల బయటికి వచ్చేశారు. చనిపోయిన మనిషి మధ్యాహ్నం పూట పిలిస్తే పలకకూడదని అందరికీ తెలుసు. అందులోనూ "వస్తున్న" అని ఎవరంటారు?

గని దగ్గరి పిట్ ఆఫీసు నుంచి హాజరు రాసే ఆగయ్య సైకిల్ మీద వచ్చాడు. "ఏందివయ్యా, మూడైతాంది, ఒక్కడు రాలె! అందరి మస్టర్లు పోతయి."

"కొమురెల్లి వచ్చిండే" అన్నాడు నర్సింగం, చెట్టు చాటు నుంచి. "అవ్వా, నీ మొగడే గద, నువ్వు చెప్పి ఆపరాదు!"

"బతికున్నప్పుడే నా మాట ఇనలె" అంది లింగవ్వ. అయినా లేచింది. ఆయనకు కావలసింది ఒక్క జవాబు. నర్సింగం ఇంట్లోకి వెళ్లి ఫోను ఎత్తింది.

"నర్సింగం, లెవ్వు, షిఫ్టుకు యాళ్లయింది."

"వస్తున్న" అంది లింగవ్వ.

ఆ ఫోను ఇక మోగలేదు. ఆమె రెండో ఇంట్లోకి వెళ్లింది. "వస్తున్న." మూడో ఇంట్లోకి వెళ్లింది. "వస్తున్న." గుమ్మాల దగ్గర ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పన్నెండో ఇంటి దగ్గర సారవ్వ ఏడుస్తూ ఆమె నడుము పట్టుకుంది. "ఒద్దక్కా! గన్నిసార్లు వస్తున్న అంటే నిజంగనే తోలుకపోతడు!"

"ఇడువే. మామిడి ముక్కలు ఎండల ఉన్నయి, ఇప్పుడు ఎట్ల పోత?"

అప్పుడే పృథ్వీరాజ్ స్కూటర్ ఆపి, చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరూ ఎత్తట్లేదేంటండీ? రఘుపతి గారు మిషను ఆపేశారని తెలిసింది. పాపం వీళ్ల డ్యూటీలు పోతాయని నా మిషను ఆన్ చేశాను."

"నీ మిషన్ల మా కాక గొంతు ఎట్లొచ్చింది?" అంటూ రఘుపతి అతని మీదికి వెళ్లాడు.

"మీరు పెట్టిందే కదండీ! మీరు రాసిన భాగంతోపాటు ఈ గొంతూ, ఈ నెంబర్లూ నమూనాగా అందరికీ ఇచ్చేశారు. నేను ఎవరి మీదా కేసు వెయ్యలేదు కాబట్టి నా పర్మిషన్ నాకుంది." అతను చేతులు జోడించాడు. "కానీ నాకీ కోర్టుల గొడవ వద్దండీ. రేపట్నుంచి నేనూ ఆపేస్తాను."

లింగవ్వ తన ఫోను కొంగులో పట్టుకుని నిలబడిపోయింది. రఘుపతిని ఆ షరతు ఆపింది. పృథ్వీరాజ్‌ను ఈ కేసు ఆపుతుంది. ఇక ఆ గొంతు ఎవరి దగ్గరా పలకదు.

"రఘుపతీ, కేసు వాపస్ తీసుకో."

"తీసుకున్నా నా పర్మిషన్ తిరిగి రాదంట చిన్నమ్మా. ఐదేండ్ల పేటెంటు! నేనెందుకు ఇడువాలె?"

అతని జేబులో ఫోను మోగింది. అతనిదీ రెండో షిఫ్టే. అతను చెయ్యి పెట్టలేదు. మోగి మోగి ఆగింది. అతని పక్కిల్లు లింగవ్వది. ఆమె కొంగులో మోగింది. ఆమె ఎత్తి, అందరికీ వినిపించేలా పట్టుకుంది.

"రఘుపతి ఇంక లెవ్వలేదా? జర లేపు."

వాడంతా రఘుపతి వైపు చూసింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆపుమనవయ్యా దాన్ని!" అని అరిచాడు.

"జవాబొచ్చేదాకా ఆగదు కదండీ" అన్నాడు పృథ్వీరాజ్ మెల్లగా. "అదే కదా మీ పేటెంటు."

"జర లేపు" అంది ఫోను మళ్లీ.

లింగవ్వ ఫోనును రఘుపతి చెవి దగ్గర పెట్టింది. "మీ కాక. నువ్వే చెప్పు."

"వస్తున్న కాకా!" అన్నాడు రఘుపతి, కళ్లు మూసుకుని. "వాపస్ తీసుకుంట. తప్పయింది."

మరునాడు కరీంనగర్‌లో కేసు ఉపసంహరణ కాగితం తయారైంది. పృథ్వీరాజ్ యంత్రం జోలికి ఇక రానని రఘుపతి విడిగా సంతకం పెట్టాడు. అది చూసి పృథ్వీరాజ్ తన యంత్రం ఆపనన్నాడు. ఉపసంహరణ కాగితంలో కారణం అని ఉన్న చోట ఏం రాయాలో తెలియక సంధ్యారాణి చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. చివరికి "కుటుంబ పెద్దల ఒత్తిడి వల్ల" అని రాసింది.